ఉద్యోగం మాని వెబ్‌సైటు పెట్టుకున్న మా పిల్లోడి లెక్క

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 షోలాపూరు నుంచి, బరంపురం నుంచి, యానాం నుంచి ఇంత దూరం వచ్చినారు. మీ తెలుగు వేరే, మా తెలుగు వేరే. మాది రాయదుర్గం పక్క తెలుగు, దాంట్లో సగం కన్నడం కలిసి ఉంటుంది. యాడన్నా అర్థం కాకుంటే చెయ్యి ఎత్తండి.

నేను మొలకాల్మూరు తాలూకాలో ఒక చేనేత సహకార సంఘానికి కార్యదర్శిని. ఎనిమిదో తరగతితో బడి మానేసి గుంట మగ్గంలో దిగినోడిని. నన్ను కంప్యూటరు వ్యాపారం గురించి మాట్లాడమంటే మొదట నవ్వొచ్చింది. కానీ పోయినసారి సమావేశంలో నలుగురు తండ్రులు నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగినారు. "అన్నా, మావాడు బెంగళూరులో కొలువు మానేసి వెబ్‌సైటు పెడతానంటున్నాడు, చీరలు అమ్ముతాడంట. ఏం చెయ్యమంటావు?" నన్నే ఎందుకు అడిగినారంటే, మా ఇంట్లో ఆ పని జరిగింది కాబట్టి. మా తమ్ముని కొడుకు చేసినాడు. నేను అడ్డం పడినాను, తరువాత కొంచెం తోడు పడినాను. ఆ రెండూ చెప్తా. గొప్పకు చెప్పడం లేదు, దాంట్లో మా తప్పులు కూడా ఉన్నాయి.

పిల్లోడు బీకాం. బెంగళూరులో ఒక కంపెనీలో లెక్కలు చూసే కొలువు. చేతికి 38,000 వచ్చేది. 2022లో ఉగాదికి ఊరికి వచ్చి, ఒబ్బట్లు తిన్నాక మెల్లగా బయట పెట్టినాడు. "పెద్దనాయనా, రాజీనామా ఇచ్చినా. రెండు నెలలు నోటీసు, అంతే." మా తమ్ముడు చేతిలో ఉన్న తమలపాకు అట్లే పట్టుకోని కూర్చున్నాడు. నేనైతే అరిచినా. ఏమని అరిచినానంటే, "మగ్గం నుంచి నిన్ను బయటపడెయ్యాలని మీ నాయన నడుములు విరగ్గొట్టుకున్నాడు, నువ్వు మళ్ళీ చీర పట్టుకోని వస్తావా" అన్నా.

వాడు ఒకటే మాట అడిగినాడు. "పెద్దనాయనా, మన చీర బెంగళూరు అంగట్లో ఏ పేరుతో అమ్ముడుపోతాదో నీకు తెలుసా?"

తెలుసు. అందుకే నాకు జవాబు రాలేదు. పది పన్నెండేండ్ల కింద ఒక పెండ్లికని పట్నం పోయినప్పుడు ఒక పెద్ద దుకాణంలో మా ఊరి చీర చూసినా. ఆ అంచు వేసిన జకార్డు అట్టలు ఎవరి ఇంట్లో ఉన్నాయో నాకు తెలుసు. సేల్సు పిల్లోడు దాన్ని వేరే ఊరి పేరు చెప్పి చూపించినాడు. మొలకాల్మూరు చీరకు జీఐ గుర్తింపు ఉంది, ఆ పేరు మా చీరకు తప్ప వేరే చీరకు పెట్టకూడదు అని దాని అర్థం. కానీ మా చీరకు వేరే ఊరి పేరు పెట్టుకుంటే అడిగేవాడు ఎవరు? ఎవరూ లేరు. ఆ పొద్దు నేను నోరు మూసుకోని బయటకు వచ్చినా. పిల్లోడు ఆ మాట ఎత్తేసరికి అదంతా గుర్తుకొచ్చింది.

అయినా నా భయం తగ్గలేదు. దేశంలో చేనేత పని చేసేవాళ్ళు 2009-10 గణనలో 43 లక్షల మంది పైన ఉంటే, 2019-20 గణనకు 35 లక్షలకు దిగినారు. దాంట్లో మూడింట రెండు వంతుల ఇండ్లకు నెలకు 5,000 కూడా రావడం లేదు. అట్లాంటి పనిని నమ్ముకోని నెలకు 38,000 జీతం వదులుకునేవాణ్ణి చూస్తే ఏ పెద్దోడికైనా కడుపులో తిప్పుతాది కదా.

ఇప్పుడు లెక్క చెప్తా. ఇంటికి పోయినాక మీ పిల్లోళ్ళ దగ్గర ఈ లెక్కే పెట్టండి. నేను సంఘం పుస్తకం వెనక పేజీలో పెన్సిలుతో వేసి వాడి ముందర పెట్టినా. చీర వెల 10,000 అనుకుందాం, జీఎస్టీ దాంట్లోనే కలిపి. 5 శాతం పన్ను లెక్కన దాంట్లో 476 రూపాయలు సర్కారుకు. కొనేవాళ్ళు ఫోన్లో కార్డుతోనో ఇంకొక దోవలోనో కడితే మధ్యలో ఒక కంపెనీ ఉంటాది, అది సుమారు నూటికి రెండు రూపాయలు పట్టుకుంటాది, దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. అంటే 236. అట్టపెట్టె, గుడ్డసంచి, కొరియరు కలిసి 250 వేసినా. ముడిపట్టు, రంగు, సరిగ 4,500. నేత కూలి 2,500. అన్నీ పోతే మిగిలేది 2,038 రూపాయలు.

అది లాభం అనుకోకండి. ఆ రెండు వేలలోనే వెబ్‌సైటు బాడుగ, ఫొటోలు, ఫేస్‌బుక్కుకూ ఇన్‌స్టాగ్రాముకూ కట్టే ప్రకటన ఖర్చు, వెనక్కి వచ్చిన చీరల నష్టం అన్నీ పోవాల. అవి ఏమీ లేవనుకున్నా 38,000 రావాలంటే నెలకు పంతొమ్మిది చీరలు అమ్మాల. వాడు మొదటి నెల అమ్మింది రెండు. ఒకటి వాళ్ళ మేనత్తకు, ఒకటి పాత ఆఫీసులో ఉండే స్నేహితుని తల్లికి. రెండో నెల సున్నా.

ఈ లెక్కలో రానివి ఇంకా ఉన్నాయి. కొలువులో ఉన్నప్పుడు జీతంలో 12 శాతం వీడిది, అంతే కంపెనీది కలిపి ప్రావిడెంటు ఫండుకు పోయేది. మానేసినాక అది ఆగిపోయింది. కంపెనీ ఆరోగ్య బీమాలో తల్లిదండ్రుల పేర్లు ఉండేవి. కొలువుతో పాటు అదీ పోయింది. ఆ సంగతి మాకు ఎవరికీ తట్టలేదు. మూడో నెలలో మా తమ్మునికి మూత్రపిండంలో రాయి అని ఆపరేషను చేసినారు. చేతి దుడ్డు కట్టినాము. మా మరదలు గాజులు రెండు బ్యాంకుకు పోయినాయి. నేనిక్కడ పిల్లోళ్ళకు చెప్పేది ఒకటే. ఆఖరి జీతం పడకముందే ఇంట్లోవాళ్ళ పేరు మీద బీమా కట్టుకోండి. వెబ్‌సైటుకు రంగు యాది బాగుంటాదని తరువాత చూసుకోవచ్చు.

ఇంట్లో మర్యాద సంగతి కూడా చెప్పాల, ఆడవాళ్ళు నవ్వుకున్నా పరవాలేదు. కొలువులో ఉన్నప్పుడు వాడు ఊరికి వస్తే కుర్చీ వేసేవాళ్ళము. ఇంట్లో కూర్చోని పని మొదలుపెట్టినాక గ్యాసు సిలిండరు తెమ్మని ఒకరు, అవ్వను బ్యాంకుకు తోడుకోని పొమ్మని ఒకరు. "ఫోను చూసుకుంటా కూర్చున్నావు కదా, పోయి కొత్తిమీర తేరాదా." వాడు ఫోను చూస్తా కూర్చున్నది కొనేవాళ్ళతో మాట్లాడుతున్నాడని మాకు అర్థం కాలే. పెండ్లిచూపులకు వచ్చినవాళ్ళు అబ్బాయి ఏం చేస్తాడంటే మా మరదలు "బెంగళూరు కంపెనీ" అని చెప్పేది, మానేసిన సంగతి దాచిపెట్టి. ఒక సంబంధం వాళ్ళు ఎట్లనో తెలుసుకోని వెనక్కి పోయినారు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. వాళ్ళ మేనమామ నాకు ఫోను చేసి అడిగితే "ఏమో, ఏదో వెబ్‌సైటు అంటాడు" అని నవ్వి చెప్పింది నేనే. ఆ నవ్వు ఆ సంబంధాన్ని పోగొట్టింది. వాడు ఈ పొద్దుకూ నాతో ఆ మాట ఎత్తలేదు, అదే నాకు ఇంకా బాధ.

ఆరు నెలలకు అసలు కథ నా ఆఫీసు గడప దాకా వచ్చింది. మా ఊర్లో ఒక ఆమె, మొగుడు లేడు, కొడుకుతో కలిసి నేస్తాది. పొద్దున్నే వచ్చి సంఘం అరుగు మీద కూర్చున్నాది. "అన్నా, మీ పిల్లోడు మూడు చీరలు తీసుకుపోయి నాలుగు నెలలాయ. పట్టు నా బాకీ మీద తెచ్చుకున్నా. అడిగితే ఇంకా అమ్ముడుపోలే అంటాడు. నేను యాడికి పోవాల?"

నాకు తల తీసేసినట్లయింది. మా నాయన కాలంలో షావుకార్లు ఇదే మాట చెప్పేవాళ్ళు. "చీర అమ్ముడుపోనీ, చూద్దాం." అడ్వాన్సు ఇచ్చి కట్టేసుకునేది, చీర తీసుకుపోయి కూలి ఆపేది, బాకీ తీరదు, వేరే షావుకారు దగ్గరికి పోనీరు. ఆ గొలుసు తెంపుకోవడానికే మనవాళ్ళు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. సంఘం ఏం చేస్తాది? చీర అమ్ముడుపోయినా పోకున్నా, మగ్గం మీద నుంచి కోసి తెచ్చిన పొద్దు కొలిచి చూసి కూలి ఇచ్చేస్తాది. చీర గోడౌనులో ఆరు నెలలు పడి ఉంటే ఆ భారం సంఘానిది. సంఘాలు ఎన్ని కష్టాల్లో ఉన్నా, కొన్ని చోట్ల కూలి ఆలస్యమైతా ఉన్నా, పద్ధతి మాత్రం అది. మా పిల్లోడు ల్యాప్‌టాప్ పెట్టుకోని, మంచి ఇంగ్లీషులో "నేరుగా నేతగాని ఇంటి నుంచి" అని రాసుకోని, చేసింది మాత్రం పాత షావుకారు పని.

వాణ్ణి పిలిపించినా. వాడు దొంగ కాదు. వాడి మాట వినండి. "పెద్దనాయనా, నా దగ్గర దుడ్డు లేదు. అమ్మితే ఇస్తా, అమ్మకుంటే చీర వెనక్కి ఇస్తా. అంతా వెబ్‌సైట్లు ఇట్లనే చేస్తాయి, సరుకు మన దగ్గర పెట్టుకోకూడదు అంటారు."

నేను అడిగినా, "ఒరే, చీర తయారయ్యేదానికీ అమ్ముడుపోయేదానికీ మధ్యలో నాలుగు నెలలు ఉన్నాయి కదా. ఆ నాలుగు నెలలు ఎవరో ఒకరు దుడ్డు లేకుండా కాచుకోని ఉండాల. నువ్వు కాచుకుంటావా, కొనేవాళ్ళు కాచుకుంటారా, ఆ యమ్మ కాచుకుంటాదా? నువ్వు యజమానివి అంటున్నావు. కాచుకునేది ఎవరో చెప్పు, ఎవరు యజమానో నేను చెప్తా."

వాడు చాలాసేపు మాట్లాడలే. మధ్యాహ్నం పోయి ప్రావిడెంటు ఫండు తీసుకోవడానికి దరఖాస్తు పెట్టినాడు. వచ్చిన దుడ్డులో మొదట ఆ యమ్మ మూడు చీరల బాకీ కట్టినాడు. మిగిలింది లక్షన్నర. ఆ లక్షన్నర ఒక్కటే నిజంగా వాడి వ్యాపారం అప్పటికి.

లక్షన్నరకు ఏడు వేల లెక్కన ఇరవై ఒక్క చీరలు వస్తాయి. కొనేవాళ్ళకు చూపించేదానికి అది చాలదు, రంగు రంగుకు ఒకటన్నా ఉండాల కదా. అప్పుడు రెండు దోవలు పెట్టుకున్నాడు. ఒకటి, చేసిన చీరలు కొన్నే పెట్టి, మిగతావి ఆర్డరు మీద నేయించడం. కొనేవాళ్ళు సగం దుడ్డు ముందు కట్టాల, చీర ఇన్ని రోజులకు వస్తాదని రాసి ఇవ్వాల. వార్పు ఎక్కించి, అచ్చు అతికి, నేసి, కోసి, మడిచి పంపేదానికి మూడు వారాలు పట్టొచ్చు. వాడు మొదట పది రోజులు అని రాసినాడు, ఎక్కువ రాస్తే కొనరని. రాసిన పొద్దే నేను ఆ యమ్మ కొడుకుతో చెప్పించినా, పది రోజుల్లో నేసేది చీర కాదు గోనెపట్ట అని. ఇరవై ఐదు రోజులని మార్చినాడు. నిజం రాస్తే కొంతమంది పోయినారు, ఉన్నవాళ్ళు గట్టిగా నిలబడినారు.

రెండోది, మా సంఘం గోడౌనులో ఉన్న చీరల్లో పది వాడికి నలభై ఐదు రోజుల అరువు మీద ఇవ్వడం. ఇది నేను సంతకం పెట్టి ఇచ్చేసేది కాదు. సర్వసభ్య సమావేశంలో పెట్టినాము. నా తమ్ముని కొడుకు కాబట్టి ఆ తీర్మానం చదివే సేపు నేను బయట వేపచెట్టు కింద కూర్చున్నా. లోపల ముప్పావుగంట కొట్లాడినారు. ఆఖరుకు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: వాడు ఊర్లో ఏ మగ్గం నుంచి చీర తీసుకున్నా కోసిన రోజే కూలి ఇయ్యాల, ఇచ్చినట్లు సంఘం పుస్తకంలో రాయించాల. ఆ షరతు పెట్టింది ఎవరనుకున్నారు? ఆ యమ్మే.

ఇంక వెబ్‌సైటు గురించి. ఇది పిల్లోళ్ళు బాగా వినండి, దీంట్లో వాడు చదువుకున్నోడై ఉండి కూడా మోసపోయినాడు. వాడికి లెక్కలు వచ్చు గానీ వెబ్‌సైటు కట్టడం రాదు. ఒకాయనకు ఇరవై ఐదు వేలు ఇచ్చి చేయించినాడు. వెబ్‌సైటుకు ఒక పేరు ఉంటాది, డొమైను అంటారు, డాట్ కామ్ అనో డాట్ ఇన్ అనో చివర వస్తాది. అది కొనేది కాదు, బాడుగకు తీసుకునేది. ఏటేటా కట్టాల, లేకుంటే పదేండ్ల దాకా ఒకేసారి కట్టుకోవచ్చు. ఆ చేసినాయన ఆ పేరు తన ఈమెయిలు మీద, తన పేరు మీద తీసుకున్నాడు. వీడు చూసుకోలే. ఏడాది తిరిగేసరికి ఆయన ఫోను ఎత్తడం మానేసినాడు. గడువు దాటింది. ఒక పొద్దు లేచి చూస్తే వెబ్‌సైటు లేదు. కొన్నాళ్ళకు ఆ పేరు ఇంకెవరో తీసుకున్నారు. చీరల మీద కుట్టిన లేబుళ్ళు, అట్టపెట్టెల మీద అచ్చు, అంతా ఆ పేరే. వాడు ఆ పొద్దు అన్నం తినలే.

నేను చదువుకోనోణ్ణి, నాకు ఎట్ల అర్థమైందంటే, ఇది పట్టా లాంటిది. ఇల్లు కట్టించిన మేస్త్రీ పేరు మీద పట్టా ఉంటే ఇల్లు ఎవరిది? కాబట్టి మొదటి పొద్దే అడగండి: పేరు ఎవరి ఈమెయిలు మీద ఉంది, పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది, కొన్నవాళ్ళ ఫోను నెంబర్ల పట్టీ ఎవరి దగ్గర ఉంది. వెబ్‌సైటు షాపిఫైలో ఉన్నా, వర్డ్‌ప్రెస్‌లో ఉన్నా, పోతే మళ్ళీ కట్టుకోవచ్చు. ఆ మూడూ చేతిలో ఉండాల. వాడికి అప్పటికి కొన్నవాళ్ళ నెంబర్లు నూటా పది ఒక నోటుబుక్కులో రాసి ఉన్నాయి, మా మరదలు రాసిపెట్టింది. ఆ నోటుబుక్కు ఒక్కటే వాణ్ణి నిలబెట్టింది. కొత్త పేరు తీసుకోని అందరికీ వాట్సాపులో పంపినాడు. తొంభై మంది దాకా జవాబు ఇచ్చినారు.

ఎవరన్నా అడగొచ్చు, సొంత వెబ్‌సైటు ఏంటికి, పెద్ద పెద్ద అమ్మకం కంపెనీలు ఉన్నాయి కదా, వాటిలో పెట్టొచ్చు కదా అని. పెట్టినాడు, ఐదు నెలలు. కమీషను వాళ్ళది, కొన్నవాళ్ళ నెంబరు మనకు సరిగ్గా తెలీదు, పైగా మన చీర పక్కనే మరమగ్గం చీర నాలుగో వంతు వెలకు నిలబడి ఉంటాది. 1985 చట్టం ప్రకారం పదకొండు రకాలు చేనేతకే కేటాయించినారు, చీరకూ దాంట్లో చోటు ఉంది. ఫొటోలో చూసి ఏది చేనేతో ఏది మరమగ్గమో చెప్పేది ఎవరు? హ్యాండ్లూమ్ మార్కు ఉంది, సిల్కు మార్కు ఉంది. చీరకు కుట్టినప్పుడు పనికొస్తాయి, ఫొటోలో ఎవరూ చదవరు. నేను దాన్ని పూర్తిగా వద్దనను, సరుకు మిగిలిపోయినప్పుడు అదీ ఒక సంత. సంతలో అమ్ముకోవచ్చు, సంతలో కాపురం పెట్టలేము కదా.

నేను వాడికి నిజంగా పనికొచ్చింది ఒక్కచోట. చీరలు వెనక్కి రావడం మొదలైంది. "ఫొటోలో ఒక రంగు, వచ్చింది ఒక రంగు" అని. ఎక్కువ వచ్చేవి నెమలికంఠం చీరలు. వాడు కెమెరా మార్చినాడు, లైట్లు కొన్నాడు. నేను చూసి చెప్పినా, "ఒరే, పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన చీర అది. అది ఒక్క రంగు కాదు. ఎటు తిప్పితే అటు మారుతాది, అదే దాని అందం. నిలబెట్టి ఫొటో తీస్తే దాంట్లో సగమే కనపడతాది." అప్పటి నుంచి మా మరదలు మిద్దె మీద ఎండలో చీర పట్టుకోని ఊపుతాది, వాడు పది సెకండ్ల వీడియో తీస్తాడు. ఎండలో ఒకటి, నీడలో ఒకటి. దాని కింద పడుగు ఏ రంగు, పేక ఏ రంగు రాస్తాడు. రంగు మీద ఫిర్యాదులు చాలా తగ్గినాయి.

ఒకసారి ఇంకా చెడ్డగా జరిగింది. పంపింది మన చీర, వెనక్కి వచ్చింది అదే రంగు మరమగ్గం చీర. మన పెట్టెలోనే పెట్టి పంపినారు. నేను రెండు అంచులూ వేళ్ళతో తడిమి చూసినా. చేమగ్గం మీద గుడ్డ ముడుచుకోకుండా అడ్డంగా కట్టె వేస్తాము కదా, దాని సూదుల గుర్తులు అంచుల వెంబడి సన్నగా ఉంటాయి. దీంట్లో అవి లేవు. తెలిసినా ఏం చేస్తావు, దుడ్డు వాపసు ఇచ్చినాడు. తరువాత ప్రతి చీరలో మొదటి జానెడులో ఒక వేరే రంగు పోగు వేయిస్తున్నాడు, ఏ మగ్గానికి ఏ రంగో సంఘం పుస్తకంలో ఉంది. వెనక్కి తీసుకునే ముందు ఆ పోగు కనపడేటట్లు వీడియో అడుగుతాడు.

ఇంకొకటి, చట్టం సంగతి. 2020లో ఇంటర్నెట్టు అమ్మకాలకు వినియోగదారుల నియమాలు వచ్చినాయి. అమ్మేవాళ్ళ పేరు, చిరునామా, ఫిర్యాదు వినేవాళ్ళ పేరు, నెంబరు వెబ్‌సైటులో పెట్టాల. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాల, నెలలోపల తేల్చాల. పెద్ద కంపెనీలో దానికి ఒక అధికారి ఉంటాడు. మా దగ్గర వాడే యజమాని, వాడే గుమాస్తా, వాడే ఫిర్యాదు అధికారి. జ్వరం వచ్చిన పొద్దు కూడా 48 గంటలు 48 గంటలే. కొలువులో సెలవు చీటీ రాస్తే సరిపోయేది అని వాడే ఒక పొద్దు నవ్వినాడు.

ఇప్పుడు ఎట్ల ఉన్నాడు అంటారా. తొమ్మిది మగ్గాలు వాడికి నేస్తున్నాయి. శ్రావణంలో వరమహాలక్ష్మి పండగకు ముందు ముప్పై చీరలు పోయిన నెల ఉంది, ఆషాఢంలో నాలుగే పోయిన నెల ఉంది. కొలువులో ఆషాఢానికి కూడా జీతం పడతాది, ఇక్కడ పడదు. అందుకని వాడు సాయంత్రాలు ఊర్లో అంగళ్ళవాళ్ళకు, రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టించేవాళ్ళకు జీఎస్టీ లెక్కలు రాసి పెడతాడు. నెలకు పది పన్నెండు వేలు దాంట్లో వస్తాయి. కొలువు మానేసినాడు అంటారు గానీ, నేను చూసేది, కొలువును ముక్కలు చేసి నాలుగు చోట్ల పెట్టుకున్నాడు. అన్నీ కలిపి ఏడాదికి లెక్క తీస్తే బెంగళూరు జీతం కంటే ఇప్పటికీ తక్కువే. బాడుగ లేదు, ఇంటి అన్నం, వాళ్ళ నాయన పక్కన ఉన్నాడు. దాన్ని ఎంత అని రాయాలో నా పుస్తకంలో గడి లేదు.

కాబట్టి నన్ను అడిగిన నలుగురు తండ్రులకు. వద్దు అని నేను చెప్పను, పో అని కూడా చెప్పను. పిల్లోణ్ణి కూర్చోబెట్టి అడగండి: కొలువులో ఉండగానే ఆరు నెలలు శని ఆదివారాలు అమ్మి చూసినావా? సొంతవాళ్ళు కానివాళ్ళు ఎంతమంది కొన్నారు? ఏడాది ఇల్లు నడిచే దుడ్డు పక్కన ఉందా, దాంట్లో చీరలకు పెట్టే దుడ్డు కలపకుండా? నేతగానికి కూలి ఏ రోజు ఇస్తావు? ఈ నాలుగో దానికి "అమ్మినాక" అంటే మాత్రం ఆ పిల్లోణ్ణి నా దగ్గరికి పంపండి, ఆ యమ్మ పక్కన కూర్చోబెడతా. నేత మీద బ్యాంకు అప్పు కావాలంటే నేతగాళ్ళ ముద్రా ఉంది, 6 శాతం వడ్డీకి వస్తాది. కానీ అది మగ్గం పనికి ఇచ్చేది, వెబ్‌సైటు ప్రకటనలకు తగలబెట్టేదానికి కాదు. మా దగ్గర ఒకరు అట్ల చేసి ఇప్పటికీ కట్టుకుంటున్నారు.

ఇంకొక సంగతి, భాష గురించి. వాడి వెబ్‌సైటు మొదట అంతా ఇంగ్లీషే. మన పిల్లోళ్ళు కన్నడం బడిలో చదివినారు, తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు. నేను పట్టుపట్టి చీర కథ తెలుగులో, కన్నడంలో కూడా పెట్టించినా. తెలుగుది నేనే చెప్తే మా మనవరాలు టైపు చేసింది, తప్పులు ఉన్నాయంట. ఉండనీ. హైదరాబాదు నుంచి ఒకామె ఫోను చేసి, "మీ తెలుగు మా అవ్వ మాట్లాడినట్లుంది, మీరు ఏ ఊరు" అని అరగంట మాట్లాడినాది. చీర కొనలే. మళ్ళీ దసరాకు ఫోను చేసి రెండు తీసుకునింది.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.  భోజనాల దగ్గర ఉంటాను, కాగితాలు ఎవరన్నా తెచ్చుకోని ఉంటే చూస్తా, నాకు అర్థం కానివి పిల్లోణ్ణి చూడమంటా, వాడూ వచ్చినాడు, ఆ మూల నీలం చొక్కా. డొమైను తారీఖు ఈసారి వాడు ఒక్కడే గుర్తు పెట్టుకోవడం లేదు. మా సంఘం ఆఫీసు గోడ మీద క్యాలెండరులో, బ్యాంకు కంతు కట్టాల్సిన తారీఖు పక్కనే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టినా. వచ్చే నెల 14.